బడి గంట కొట్టాక ఏం చేద్దాం? – మన హాస్టల్లో పెట్టుకోదగిన క్లబ్బులు



ఈ సంచికలో పాఠం లెక్కల పాఠం కాదు, సైన్సు పాఠమూ కాదు. అయినా ఆ రెండూ మధ్యమధ్యలో వస్తాయి, భయపడకండి. అసలు పాఠం మన సాయంత్రం గురించి.

బడి వదిలిన దగ్గర్నుంచి స్టడీ అవరు గంట కొట్టేదాకా మనకు గంటన్నర పైగా ఉంటుంది. బట్టలు ఉతుక్కుంటాం, స్నానాలు చేస్తాం, ఆడుకుంటాం. కానీ బంతి ఒక్కటే ఉంటే ఆడేది ఇరవై మంది, గట్టు మీద కూర్చునేది ఎనభై మంది. ఆ కూర్చున్నవాళ్లలో ఆరు, ఏడు తరగతుల పిల్లలే ఎక్కువ. ఇల్లు గుర్తొచ్చేది కూడా సరిగ్గా ఆ వేళకే. పగలంతా పాఠాల్లో పడి మర్చిపోతాం. కొండ మీద పొద్దు వాలుతుంటే మాత్రం, అమ్మ పొయ్యి ముట్టించే వేళయింది కదా అనిపిస్తుంది. చెప్పకుండా ఊరికి వెళ్లిపోయిన పిల్లల్ని ఎవరినైనా అడగండి. "చదువు రాలేదు" అనకపోవచ్చు, "బెంగ పెట్టుకున్నాను" అన్న మాట తప్పక వినిపిస్తుంది.

కాబట్టి సాయంత్రం ఊరికే పోతే పోయేది కాలం ఒక్కటే కాదు. ఒక్కోసారి ఒక పిల్లవాడి చదువే పోతుంది.

క్లబ్బు అంటే ఏమిటి?

ఒకే పని మీద ఇష్టం ఉన్న పదిమంది, వారానికి ఒకసారి, ఒకే రోజున కలుసుకుని, ఆ పని చేసి, చేసింది రాసి పెట్టుకోవడమే క్లబ్బు. ఇందులో నాలుగున్నాయి: ఇష్టం, పదిమంది, ఖాయమైన రోజు, రాత. మంచానికి నాలుగు కోళ్లున్నట్టు ఇవి నాలుగూ ఉండాలి. ఒక్కటి విరిగినా మంచం ఒరిగిపోతుంది.

క్లబ్బు అనగానే అది పట్నం బడుల సంగతి, కంప్యూటర్లు, మైక్రోస్కోపులు ఉంటేనే కుదురుతుంది అనుకుంటాం. అది నిజం కాదు. మన దగ్గర ఉన్నది పట్నం పిల్లల దగ్గర లేదు. మనకు కొండ ఉంది, వాగు ఉంది, చీకటి పడితే నిండా చుక్కలుండే ఆకాశం ఉంది. తెలుగు కాకుండా ఇంకో భాష ఉంది. ఆకు చూసి చెట్టు పేరు చెప్పే తాత ఉన్నాడు. మనకు రానిదాన్ని నేర్పడం క్లబ్బు పనే. అయితే మనకు వచ్చినదాన్ని పుస్తకంలోకి ఎక్కించడం అంతకంటే పెద్ద పని. ఈ పాఠమంతటికీ ముఖ్యమైన మాట ఇదే.

ఇక ఒక్కొక్క క్లబ్బూ చూద్దాం.

1. మాటల సంచి క్లబ్బు

మన హాస్టల్లో సవర, జాతాపు, గదబ, కొండదొర పిల్లలం ఉన్నాం. ఒకే డార్మిటరీలో పడుకుంటాం. పక్క మంచం వాళ్ల భాషలో "అన్నం" ఏమంటారో మనలో ఎంతమందికి తెలుసు?

ఈ క్లబ్బు పని మాటలు ఏరడం. పాత నోటు పుస్తకాల అట్టలు కోసి చిన్న చీట్లు చెయ్యండి. ఒక్కో చీటీ మీద ఒక్క మాటే రాయాలి. మాట, ఏ భాష, తెలుగులో అర్థం, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఒక చిన్న వాక్యం. ఈ ఆరూ ఉండాలి. ఒక వారం చుట్టరికాల మాటలు, ఒక వారం ఆకుకూరలు, ఒక వారం పిట్టలు, ఒక వారం వానలో రకాలు తీసుకోండి. అన్నీ ఒకేసారి వద్దు.

లెక్క వేద్దాం. పదిమంది సభ్యులు, వారానికి తలా రెండు మాటలు తెస్తే 20. సెలవులు, పరీక్షలు తీసేస్తే ఏడాదికి సుమారు 30 వారాలు. 20 × 30 = 600. ఆరు వందల మాటలంటే అది చిన్న నిఘంటువే! ఖర్చు జిగురు డబ్బా ఒకటి.

ఇది కొత్త పనేం కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు (పుట్టింది 1863 ఆగస్టు 29) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఆ భాష మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. వాడుక తెలుగు కోసం పోరాడినదీ ఆయనే. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు సభలో సవర మాట కూడా ఒకటి వినిపిస్తే ఆయనకు చేసిన గౌరవం అవుతుంది కదా!

ఇంకొక సంగతి. మనం వాగును ఏరు అంటాం. ఆదిలాబాదు వైపు గోండీలో ఏర్ అంటే నీళ్లు. చూశారా, దగ్గరి చుట్టాలు! తెలుగు, గోండీ రెండూ ద్రావిడ భాషలు. ఇప్పుడు సవర తమ్ముణ్ణి పిలిచి నీళ్లను ఏమంటారో అడగండి. దీనికీ దానికీ పోలికే దొరకదు. ఎందుకంటే సవర ముండా భాషల్లోది. సంతాలీ, ముండారీ దాని చుట్టాలు. ఇలాంటివి పుస్తకంలో చదివితే ఒకరోజు గుర్తుంటాయి, పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటే ఎప్పటికీ గుర్తుంటాయి.

రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. సవరలో గొంతులో పట్టి వదిలే ధ్వని ఒకటుంది. దానికి తెలుగులో అక్షరం లేదు. అలాంటి చోట క్లబ్బంతా కూర్చుని ఒక గుర్తు నిర్ణయించుకోండి, చివరిదాకా అదే వాడండి. అక్షరాలు లేకపోతే చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1936లో మంగెయి గొమాంగో సవరకు సొరా సోంపెంగ్ అనే లిపి తయారు చేశారు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన పాత రాతప్రతుల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు కంప్యూటర్ కూడా ఆ లిపిని గుర్తుపడుతుంది.

ఈ క్లబ్బులో ఇంకో మేలు ఉంది. తెలుగు సరిగా రాక క్లాసులో నోరు విప్పని ఆరో తరగతి చెల్లి ఇక్కడ పంతులమ్మ అవుతుంది. పదో తరగతి అన్న ఆమె ముందు పలక పట్టుకుని కూర్చోవాలి. అలా ఒకసారి కూర్చోబెట్టి చూడండి, మర్నాడు క్లాసులో ఆ చెల్లి గొంతు మీరే వింటారు.

2. దోమల మీద నిఘా క్లబ్బు

పేరు విని నవ్వకండి. మన ఏజెన్సీలో మలేరియా ఎన్ని ఇళ్లలో ఏడుపు పెట్టించిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మలేరియా దోమ వల్ల వస్తుందన్న రహస్యం బయటపడింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక దోమను కోసి, దాని పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చేసిన పనేమిటి? దోమల్ని పట్టడం, కోయడం, చూడడం, నోటు పుస్తకంలో రాసుకోవడం. విసుగు లేకుండా మళ్లీ మళ్లీ అదే. క్లబ్బు వాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పని ఇలా చెయ్యాలి.

(అ) మన ఆవరణ పటం ఒకటి గియ్యండి. నీళ్లు నిలిచే చోట్లన్నీ ఎర్ర చుక్కలతో గుర్తు పెట్టండి: కుళాయి కింద గుంట, పాత టైరు, కొబ్బరి చిప్ప, మూత లేని డ్రమ్ము, మెస్ వెనక కాలువ.

(ఆ) తెల్ల గిన్నెతో నీళ్లు ముంచి చూడండి. తోకాడిస్తూ తిరిగే పురుగులుంటే అవి దోమ పిల్లలు. నీటి పైన పడుకున్నట్టు అడ్డంగా ఉంటే అది మలేరియా తెచ్చే అనాఫిలిస్ జాతి. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంటే అది వేరే జాతి. డెంగ్యూ దోమ పిల్లలు కూడా అలాగే వేలాడతాయి.

(ఇ) ప్రతి శుక్రవారం ఆ నీళ్లు పారబోసి, పాత్రలు తోమి, ఆరబెట్టండి. వారానికి ఒకసారి ఎందుకు? గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి దోమకు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ లోపలే పారబోస్తే పిల్ల దోమ కాదు. నెలకోసారి చేస్తే చేసినట్టే కాదు.

(ఈ) ఎన్ని చోట్ల చూశారు, ఎన్ని చోట్ల పిల్లలు కనిపించాయి అన్నది గోడ మీద అంకెలతో పెట్టండి. ఆ అంకె వారం వారం తగ్గుతుంటే అదే మన బహుమతి.

అయితే వాగు నీళ్లను పారబోయలేం. కొండ వాగుల్లో కూడా మలేరియా దోమ పెరుగుతుంది. అది కుట్టేది పొద్దు గూకాక, రాత్రంతా. అందుకని దోమతెర కట్టుకుని పడుకోవడం క్లబ్బు రెండో పని. చిరిగిన తెరలకు సూది దారం పట్టి కుట్లు వేయడం మనకు చేతకాని పనేం కాదు.

మూడో పని అన్నిటికంటే పెద్దది. జ్వరం వస్తే దాచకూడదు. సూది భయంతోనో, ఇంటికి పంపేస్తారనో దుప్పటి ముసుగేసుకుని పడుకునే తమ్ముళ్లుంటారు. క్లబ్బు సభ్యుడు తన వరసలోని మంచాలు రోజూ సాయంత్రం ఒకసారి చూడాలి. ఒళ్లు వేడిగా ఉంటే వెంటనే వార్డెన్ గారికి గానీ, ఏఎన్ఎం అక్కకు గానీ చెప్పాలి. రక్త పరీక్ష ఆ రోజే జరగాలి. ఫాల్సిపేరం అనే రకం మలేరియా మెదడుకు ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది చాడీ చెప్పడం కాదు, ప్రాణం కాపాడడం.

3. వాన లెక్కల క్లబ్బు

"నిన్న వాన బాగా పడింది" అంటాం. బాగా అంటే ఎంత? దాన్ని కొలవవచ్చు.

నిలువుగా, ఒకే లావున ఉండే ప్లాస్టిక్ సీసా తీసుకోండి. పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టండి. అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, కొంచెం నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గియ్యండి. అక్కణ్ణుంచి పైకి స్కేలుతో మిల్లీమీటర్లు గుర్తించండి. చెట్లకు, గోడలకు దూరంగా, ఆరుబయట కదలకుండా నిలబెట్టండి. రోజూ ఉదయం 8-30కు నీటి మట్టం చూసి రాసుకుని, మళ్లీ సున్నా గీతకు తేవాలి. వాతావరణ శాఖ వాళ్లు కూడా అదే వేళకు కొలుస్తారు. రోజుకు 2.5 మి.మీ. గానీ అంతకు మించి గానీ పడితేనే వాళ్లు దాన్ని వాన రోజు అంటారు. 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం లెక్క.

ఇప్పుడు ఒక తమాషా. చదరపు మీటరు నేల మీద 1 మి.మీ. వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మన డార్మిటరీ కప్పు 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకోండి. 120 చదరపు మీటర్లు. 10 మి.మీ. వాన పడితే 1,200 లీటర్లు. 15 లీటర్ల బకెట్లతో 80 బకెట్లు! మొన్న నీళ్ల వంతు కోసం కొట్టుకున్నవాళ్లు ఈ లెక్క రెండుసార్లు చదవాలి. వైశాల్యం, ఘనపరిమాణం అంటే భయపడేవాళ్లకు ఈ సీసా ఒక్కటి చాలు.

ఏడాది పాటు రాసిన వాన పుస్తకం మంచి ప్రాజెక్టు కూడా అవుతుంది. 1993లో దేశమంతటా మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ ఉద్దేశం అదే. పిల్లలు తమ ఊరి సమస్య తీసుకుని, తామే కొలిచి, తమకు వచ్చిన భాషలో చెప్పడం.

4. విత్తనాల క్లబ్బు

సంక్రాంతికో, దసరాకో ఊరు వెళ్లినప్పుడు తలా ఒక గుప్పెడు విత్తనాలు తేవాలి. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, ఊర్లో మాత్రమే దొరికే చిక్కుడు, గుమ్మడి. సీసాల్లో పోసి పేరు, ఊరు, ఎప్పుడు విత్తుతారు అన్నది రాసి పెట్టండి.

మొలక పరీక్ష చాలా తేలిక. 100 గింజలు తడిగుడ్డలో చుట్టి, రోజూ తడుపుతూ, వారం తర్వాత లెక్కపెట్టండి. 85 మొలిస్తే మొలక శాతం 85. శాతాల పాఠం ఇంతే! మిగతా గింజలు మెస్ నీళ్లు పారే చోట మళ్లు కట్టి వేస్తే మన పప్పులోకి మన తోటకూరే వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో దానికి పదో వంతు కూడా ఉండదు. చోడి అంబలి తాగే ఇంటి నుంచి వచ్చామని సిగ్గుపడేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోండి.

5. ఇంకా కొన్ని

చదివి వినిపించే క్లబ్బు: పై తరగతి వాళ్లు లైబ్రరీ పుస్తకం ఒకటి తీసుకుని ఆరో తరగతి వాళ్లకు ఇరవై నిమిషాలు గట్టిగా చదవాలి. మంచి పట్టు దగ్గర ఆపెయ్యాలి. మర్నాడు వాళ్లే పిలుస్తారు.

పిట్టల క్లబ్బు: గువ్వ, పాలపిట్ట, మైనా, ఏది ఎప్పుడు కనిపించిందో తేదీతో రాయడం. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు నవంబరు 12న లెక్క మొదలుపెడితే బాగుంటుంది. ఉండేలు మాత్రం పెట్టెలో పెట్టి రావాలి.

కొండ ఎక్కే క్లబ్బు: ఇది పీఈటీ సారు లేకుండా వద్దు. నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజన బాలిక మలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె తాడు పట్టడం మొదట నేర్చుకున్నది భువనగిరి రాతిగుట్ట మీద. అలాంటి గుట్ట మనకు కిటికీలోంచే కనిపిస్తోంది!

క్లబ్బు ఎందుకు చచ్చిపోతుంది?

జూలైలో నలభై పేర్లతో మొదలై దసరా నాటికి ముగ్గురు మిగిలే క్లబ్బు ఏ బడిలోనైనా కనిపిస్తుంది. ఆరంభ శూరత్వం అంటారే, అది ఇదే. కారణాలు, మందులు కింద ఇస్తున్నాం.

పేర్లు ఎక్కువ, పని తక్కువ: పన్నెండు మందికి మించి వద్దు. ఎక్కువ మంది వస్తే రెండో క్లబ్బు పెట్టండి.

అంతా ఒకే తరగతి వాళ్లు: పదో తరగతి వాళ్లు మార్చిలో వెళ్లిపోతే క్లబ్బూ వెళ్లిపోతుంది. ప్రతి తరగతి నుంచీ ఇద్దరు ఉండాలి. పెద్ద నాయకుడి పక్కన ఆరు, ఏడు తరగతుల నుంచి చిన్న నాయకురాలో, నాయకుడో తప్పనిసరి.

పుస్తకం లేదు: ఒక్క నోటు పుస్తకం, ఒక్క దారం, ఒక్క పెన్సిలు. తేదీ, వచ్చినవాళ్లు, చేసిన పని. మూడు వరసలు చాలు.

చూసేవాళ్లు లేరు: ప్రతి నాలుగో వారం ఏదో ఒకటి ఈ గోడ మీదికి రావాలి. పది మాటల చీట్లైనా సరే, వాన గీతల పటమైనా సరే.

బలవంతం: రానివాళ్లకు గుంజీలు, జరిమానాలు వద్దు. రాకపోతే ఎందుకు రాలేదో వెళ్లి అడగండి. ఒంట్లో బాగాలేదేమో!

జాగ్రత్తలు: పెద్దవాళ్లు లేకుండా వాగుకు, అడవికి వెళ్లకూడదు. తెలియని కాయ, పుట్టగొడుగు రుచి చూడకూడదు. చెత్త కదిపేటప్పుడు కర్ర వాడాలి, పాములుంటాయి. పొద్దు గూకే లోపల అందరూ ఆవరణలో ఉండాలి.

వార్డెన్ గారికి, గురువులకు మనవి

మేము డబ్బు అడగడం లేదు. మూడు మాత్రం అడుగుతున్నాం. ఒకటి, చీట్లు, సీసాలు దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టె ఒకటి. రెండు, వారంలో ఆ ఒక్క గంటలో మమ్మల్ని వేరే పనికి పిలవకుండా ఉండడం. మూడు, నెలకు ఒకసారి తమరు వచ్చి మా పుస్తకం చూసి సంతకం పెట్టడం. ఆ సంతకం మాకు బహుమతి కంటే ఎక్కువ.

ఒక నమూనా వారం

సోమవారం – మాటల సంచి
మంగళవారం – చదివి వినిపించడం
బుధవారం – విత్తనాలు
గురువారం – పిట్టలు
శుక్రవారం – దోమల నిఘా
వాన కొలత – రోజూ ఉదయం 8-30, వంతుల ప్రకారం

ఒక్కొక్కరు ఒక్క క్లబ్బులోనే చేరండి. రెండు పడవల మీద కాళ్లు వద్దు. మిగతా సాయంత్రాలు ఆటలకు, బట్టలకు, కబుర్లకు ఉండనే ఉన్నాయి.

అభ్యాసం (జవాబులు కాగితం మీద రాసి సంపాదక వర్గానికి ఇవ్వండి)

1. మీ తరగతి గది కప్పు పొడవు, వెడల్పు కొలిచి, 25 మి.మీ. వానకు ఎన్ని లీటర్ల నీళ్లు వస్తాయో కట్టండి.
2. శుక్రవారం బదులు నెలకోసారి నీళ్లు పారబోస్తే ఏమవుతుంది? కారణం రాయండి.
3. మీ పక్క మంచం వాళ్ల భాషలో అయిదు చుట్టరికాల మాటలు అడిగి రాయండి. తెలుగు మాటతో పోలినవి ఉంటే గీత గియ్యండి.
4. పైవి కాక మీకు తోచిన క్లబ్బు ఒకటి చెప్పండి. దానికి మన ఆవరణలోనే దొరికే వస్తువులు ఏవి?

చేరదలచుకున్నవాళ్లు ఈ గోడ పత్రిక కింద వేలాడదీసిన కాగితం మీద పేరు, తరగతి, క్లబ్బు రాయండి. రాయడం ఇంకా సరిగా రాని తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరితోనైనా రాయించుకోండి. మీ పేరు ముందు ఉండాలని మా కోరిక. వచ్చే సోమవారం సాయంత్రం వేపచెట్టు కింద మొదటి సమావేశం. వచ్చేటప్పుడు ఒక్కటే తెండి: మీ అవ్వ వాడే మాట, మన పుస్తకాల్లో ఎక్కడా లేనిది.

– సంపాదక వర్గం తరఫున,
పదో తరగతి విద్యార్థులు